డాల్ఫిన్లు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయంట, నిజమేనా?

రుషికొండ_అలలు:

అందరికీ నమస్తే. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చిన్నాన్న ఒక ఫార్వర్డ్ పెట్టారు, డాల్ఫిన్లకి మనలాగే పేర్లుంటాయి, వాటి మెదడు మనిషి మెదడు కన్నా పెద్దది, గూగుల్ వాళ్ళు ఏఐతో వాటి భాష మొత్తం కనిపెట్టేశారు, ఇంకొన్నాళ్ళలో ఫోన్లోనే డాల్ఫిన్‌తో మాట్లాడొచ్చు, పైగా ఇండియా గవర్నమెంటు వాటిని మనుషుల కింద గుర్తిస్తూ చట్టం చేసింది, ఇలా ఏవేవో ఉన్నాయి అందులో. మామూలుగా అయితే చూసి వదిలేసేదాన్ని గానీ మా పాప ఆరో క్లాసు, స్కూల్లో ఏదైనా జంతువు గురించి అయిదు నిమిషాలు మాట్లాడమన్నారంట, నేను ఇదే చెప్తానని పట్టుబట్టి కూర్చుంది. స్టేజీ ఎక్కి అబద్ధాలు చెప్పి రాకూడదు కదా. నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కోలా రాశారు. ఇందులో ఏది నిజం, ఏది ఉత్తదో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. మరీ పాఠంలా వద్దు, ముందు నాకు అర్థమైతే దానికి నేను చెప్పుకుంటాను.

హైడ్రోఫోన్:

పేర్ల సంగతి నిజమేనండి. ఆ ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా గట్టిగా నిలబడేది అదే. నేను సముద్రంలో శబ్దాల మీదే పని చేస్తాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బాటిల్‌నోజ్ డాల్ఫిన్ అని, టీవీలో షోల్లో మనం చూసే బూడిద రంగుది. ఇందులో ప్రతి పిల్లా పుట్టిన మొదటి ఏడాదిలోపే తనకంటూ ఒక ఈల తయారుచేసుకుంటుంది. మహా అయితే ఒక సెకను, కాస్త అటూ ఇటూ. సర్రున పైకెళ్ళి కిందికి జారి మళ్ళీ పైకి లేవడం ఒకదానిది, రెండు మెట్లు ఎక్కి ఆగిపోవడం ఇంకోదానిది, అలా దేని వరస దానిదే. అమ్మ పెట్టే పేరు కాదు, ఎవరికి వాళ్ళే పెట్టుకునేది. రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో వేస్తే స్క్రీన్ మీద ఆ ఈల ఒక వంపు గీతలా కనిపిస్తుంది, కొన్నాళ్ళు చూస్తే చెవితో వినకుండానే గీత చూసి ఫలానాది వచ్చింది అని చెప్పేయొచ్చు. 1965లో కాల్డ్‌వెల్ అనే భార్యాభర్తలు దీన్ని మొదట పట్టుకున్నారు, సిగ్నేచర్ విజిల్ అన్నారు.

అయితే తన ఈల తాను వేసుకోవడం వేరు, ఇంకొకళ్ళు ఆ ఈల వేస్తే పలకడం వేరు. రెండోది ఉంటేనే కదా పేరు అనేది. 2013లో స్కాట్లండ్ తూర్పు తీరంలో స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ ఇదే తేల్చారు. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే గుంపుల దగ్గరికి వెళ్ళి, ఆ గుంపులో ఉన్న ఒకదాని ఈల కాపీని నీళ్ళలో స్పీకర్ దించి వినిపించారు. ఎవరి ఈల వేశారో అది తన ఈలతోనే బదులిచ్చింది, ఆఁ ఇక్కడే ఉన్నా అన్నట్టు. వేరే డాల్ఫిన్ల ఈలలు వేస్తే ఆ స్పందన లేదు.

గొంతు గుర్తుపట్టి పలికాయేమో అని డౌట్ రావచ్చు, దానికి అంతకు ముందే సమాధానం ఉంది. ఫ్లోరిడాలో సరసోటా బే అని ఒక చోటుంది, అక్కడి డాల్ఫిన్లని 1970 నుంచి తరాల తరబడి గమనిస్తున్నారు, ఏది ఎవరి కూతురు, ఎవరి మనవడు అంతా వాళ్ళ దగ్గర లెక్కుంది. 2006లో అక్కడ ఈలల్లోంచి గొంతు లక్షణాలన్నీ తీసేసి ఉత్త వరస మాత్రం కంప్యూటర్‌లో తయారుచేసి వినిపిస్తే, అయినా సరే ఎక్కువ డాల్ఫిన్లు తమ దగ్గరి చుట్టాల ఈల వైపే తల తిప్పాయి.

పాప చెప్పడానికి బాగుండేది మాత్రం బెయిలీ, ఆలీల సంగతి. రెండూ ఆడవే, చిన్నప్పుడు ఫ్లోరిడాలో ఒకే చోట పెరిగాయి, తర్వాత ఒకటి షికాగో దగ్గర జూకి, ఇంకోటి బెర్ముడాకి వెళ్ళిపోయాయి. విడిపోయిన ఇరవై ఏళ్ళ ఆర్నెల్లకి జేసన్ బ్రక్ అనే శాస్త్రవేత్త ఆలీ ఈలని బెయిలీకి వినిపిస్తే అది గుర్తుపట్టింది. తెలియని డాల్ఫిన్ల ఈలలు వరసగా వేస్తే విసుగొచ్చి పట్టించుకోవడం మానేస్తాయి, పాత స్నేహితురాలిది పడగానే స్పీకర్ దగ్గరకొచ్చి తచ్చాడతాయి, తేడా అలా కొలిచారు. నాకు పదో క్లాసు ఫ్రెండ్సు గొంతులు సగం గుర్తులేవు.

ఇంకొకటి, 2023లో సరసోటా వాళ్ళే చెప్పింది, తల్లి డాల్ఫిన్లు పిల్ల పక్కన ఉన్నప్పుడు తమ ఈలనే ఇంకా సన్నగా, పై స్థాయికి తీసుకెళ్ళి వేస్తాయంట. 19 మంది తల్లుల్ని చూస్తే 19 మందీ అంతే. మన ఇళ్ళల్లో చంటిపిల్లలతో అమ్మమ్మలు గొంతు సాగదీసి మాట్లాడరూ, అచ్చం అదే పని.

డౌట్_రాజా:

పేర్ల సంగతి హైడ్రోఫోన్ అన్న మంచిగ చెప్పిండు. మిగతా వాటి సంగతి నేను చూస్త, గా ఫార్వర్డ్ మాక్కూడ వచ్చింది, గీ మధ్య ఎవ్వని గ్రూపుల చూసినా ఇదే.

మెదడు పెద్దది అన్నది అబద్ధం కాదు అక్కా, బాటిల్‌నోజ్‌ది దగ్గర దగ్గర 1.6 కిలోలు ఉంటది, మనది 1.3, 1.4 అట్ల. కానీ దాన్ని పట్టుకొని ఎగరొద్దు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలంది ఏడెనిమిది కిలోలు ఉంటది, మరి అది మనకన్న అయిదారు రెట్లు తెలివైందా? ఒంటి సైజుతోటి పోల్చి చూడాలె, అట్ల చూస్తే కూడ డాల్ఫిన్‌ది మనుషుల తర్వాత వరసలో పైననే ఉంటది, అది ఒప్పుకుంటా. కానీ 2006ల పాల్ మేంగర్ అని సౌతాఫ్రికా ప్రొఫెసర్ ఒకాయన, గంత మెదడు తెలివి కోసం కాదు, చల్లటి నీళ్ళల్ల మెదడు వెచ్చగ ఉంచుకోనీకే పెరిగింది అన్నడు. ఇగ చూడు, డాల్ఫిన్ మీద పనిచేసేటోళ్ళందరు మీద పడ్డరు, మరుసటి ఏడాదే లోరీ మరీనో, ఇంక మస్తు మంది కలిసి గట్టిగ జవాబు రాసిండ్రు. నా మట్టుకు నాకు మరీనో దిక్కే న్యాయం ఉన్నట్టు అనిపిస్తది, ఎందుకంటే గ్రాములు చూసి కాదు, అవి చేసే పనులు చూసి చెప్పాలె.

చట్టం సంగతి మాత్రం పక్కా పుకారు. అసలు జరిగింది ఏందంటే, 2013 మే నెలల సెంట్రల్ జూ అథారిటీ ఒక సర్క్యులర్ ఇచ్చింది, దేశంల ఎక్కడ డాల్ఫిన్ షోలు పెట్టనీకి పర్మిషన్ ఇయ్యొద్దని రాష్ట్రాలకు. అండ్ల ఒక్క లైన్ ఉంటది, శాస్త్రవేత్తలు డాల్ఫిన్లను మనుషులు కాని వ్యక్తులుగ చూడాలె అంటున్నరు అని. వాళ్ళు అంటున్నరు అన్నదాన్ని మనోళ్ళు గవర్నమెంట్ చట్టం చేసింది అని చేసి ప్రపంచమంత తిప్పిండ్రు. షోలు బంద్ అన్నది నిజం, మంచి పని కూడ. 1998ల చెన్నై దగ్గర ఒక పార్కుకు బయటి దేశంకెల్లి డాల్ఫిన్లను తెస్తే కొన్ని నెలలల్లనే చచ్చిపోయినయి. మొత్తం నీళ్ళల్ల శబ్దం మీద బతికే జీవిని సిమెంట్ గోడల మధ్యల పెడితే ఇంకేం అయితది.

ఇంకోటి, డాల్ఫిన్‌తోటి మాట్లాడుడు అన్నది కొత్త ముచ్చట కాదు. 1960లల్ల జాన్ లిల్లీ అని అమెరికా డాక్టరు ఇదే చెప్పి నాసా దగ్గర కూడ పైసలు తెచ్చిండు. కరీబియన్‌ల సెయింట్ థామస్ అనే దీవి మీద ఒక ఇంట్ల మోకాళ్ళ దాక నీళ్ళు నింపి, పీటర్ అనే డాల్ఫిన్‌కు ఇంగ్లీష్ నేర్పనీకే మార్గరెట్ హోవ్ అని ఒకామె 1965ల దానితోటే అదే నీళ్ళల్ల ఉన్నది. దానికి గొంతు తంత్రులే లేవు, ఊపిరి తీసుకునే తొర్ర నీళ్ళ మీదికి పెట్టి కిర్రు కిర్రుమని ఏదో అనేది, వీళ్ళు అది హలో అన్నది అనుకునేటోళ్ళు. పక్కన వేరే డాల్ఫిన్లకు ఆ సారు ఎల్ఎస్‌డీ అనే మత్తు మందు ఇంజెక్షన్లు కూడ ఇచ్చిండు. లాస్టుకు పైసలు బంద్ అయినయి, పీటర్‌ను మయామీల చిన్న ట్యాంకుకు మారిస్తే అక్కడనే పాణం పోయింది. అందుకే ఎవడన్న ఇంకొన్నాళ్ళల్ల డాల్ఫిన్‌తోటి మాట్లాడుతం అంటే నేను ముందు పక్కకు జరుగుత.

హైడ్రోఫోన్:

లిల్లీ దెబ్బకి ఆ సబ్జెక్టు పేరెత్తితేనే చాలా ఏళ్ళు సైన్సు వాళ్ళు మొహం తిప్పుకున్నారు, అది నిజం. కానీ రాజా గారూ, ఇప్పుడు జరుగుతున్నది ఆ టైపు కాదు.

గూగుల్ సంగతి ఇదీ. 2025 ఏప్రిల్‌లో డాల్ఫిన్‌జెమ్మా అని ఒక మోడల్ బయటపెట్టారు. బహమాస్‌లో డెనీస్ హెర్జింగ్ అనే ఆవిడ 1985 నుంచి ప్రతి ఏడూ అదే మచ్చల డాల్ఫిన్ల గుంపుల దగ్గరికి వెళ్తుంది, నీళ్ళలో దిగి వీడియో, ఆడియో రెండూ తీసి, ఏ ఈల వేసినప్పుడు ఏం చేస్తున్నాయి, ఎవరు ఎవరితో ఉన్నారు అన్నీ రాసిపెట్టింది. ఆ రికార్డింగుల మీద మోడల్‌ని ట్రెయిన్ చేశారు. అది చేసేది ఏంటంటే, ఒక శబ్దం తర్వాత ఏ శబ్దం రావచ్చో ఊహించడం, మన ఫోన్ కీబోర్డ్ తర్వాతి పదం చూపించినట్టు. అర్థం చెప్పదు. భాష కనిపెట్టేశారు అన్నది శుద్ధ అబద్ధం, వాళ్ళు కూడా అలా అనలేదు. ఇంకో పక్కన హెర్జింగ్ టీమ్ వాళ్ళు చాట్ అని ఒక పరికరం వాడతారు, డాల్ఫిన్లు ఆడుకునే సముద్రపు నాచుకీ, గుడ్డకీ కొత్తగా ఒక్కో ఈల కల్పించి, ఇద్దరు మనుషులు నీళ్ళలో ఆ ఈల వేసుకుంటూ ఆ వస్తువు ఒకరికొకరు అందించుకుంటారు, చూస్తున్న డాల్ఫిన్ కూడా ఆ ఈల అనుకరించి అడుగుతుందేమో అని. అంటే వాటి భాష మనం నేర్చుకోవడం కాదు అది, మధ్యలో చిన్న బేరం కుదుర్చుకోవడం.

నాకు దానికన్నా లేలా సాయిగ్ టీమ్ చేసిన పని ఎక్కువ నచ్చింది. సరసోటాలోనే, పేరు ఈలలు కాకుండా చాలా డాల్ఫిన్లు కామన్‌గా వాడే ఈలలు ఇరవైకి పైగా పట్టుకున్నారు. అందులో ఒకటి జాగ్రత్త అని హెచ్చరించేదిలా ఉంది, ఇంకోటి ఊహించనిది ఏదైనా వినపడితే వేసేది. 2025లో దీనికి, జంతువులతో మాట కలిపే పరిశోధనలకి ఇచ్చే కాలర్ డూలిటిల్ ప్రైజు వచ్చింది, లక్ష డాలర్లు. ఇవి కూడా పదాలే అని నేను ఇప్పుడే అనను, వాళ్ళూ ఆచి తూచే మాట్లాడుతున్నారు.

ఇక అర్థం చేసుకునే తెలివి గురించి అయితే, హవాయిలో లూయిస్ హెర్మన్ అనే శాస్త్రవేత్త దగ్గర అకేయకమయ్ అని ఒక ఆడ డాల్ఫిన్ ఉండేది. చేతి సైగలతో దానికి ఒక చిన్న భాష నేర్పారు. మనిషి, సర్ఫ్‌బోర్డు, తే అని వరసగా సైగ చేస్తే సర్ఫ్‌బోర్డుని మనిషి దగ్గరికి తోసుకొచ్చేది. సర్ఫ్‌బోర్డు, మనిషి, తే అంటే మనిషిని సర్ఫ్‌బోర్డు దగ్గరికి నెట్టేది. అవే మూడు సైగలు, వరస మారితే పని మారింది, అది దానికి అర్థమయ్యేది. క్రియ చివర రావడం చూసి నేనైతే అబ్బో మన తెలుగు వరసే అని సంబరపడ్డాను. బంతి ఉందా అని అడిగితే ట్యాంకంతా వెతికి, లేకపోతే లేదు అని తెడ్డు నొక్కి చెప్పేది కూడా. ఎదురుగా లేని వస్తువు గురించి ప్రశ్న అడిగితే అర్థం చేసుకోవడం చిన్న విషయం కాదండీ.

జాలారి_బిడ్డ:

అక్కా మాది కూడా వైజాగే, జాలరిపేట సైడు. పెద్ద సైన్సు నాకు రాదు గానీ మా నాన్నోళ్ళు వేటకెళ్తారు, చిన్నప్పుడు నేనూ ఎల్లేవాణ్ణి. పొద్దున్నే బోటు స్పీడందుకోగానే ఎక్కడినుంచొస్తాయో తెలీదు, బోటు ముక్కు దగ్గర నీటి తోపు మీద ఊరకనే జారుతా వొస్తాయి, రెక్క కదపకుండా. ఒకటి ఒక పక్కకి ఒరిగి పైకి మన మొహం చూస్తది చూడు, అప్పుడనిపిస్తది ఇది చేప కాదురా అని. కానీ ముద్దుగా ఉంటాయని మీరనుకుంటారు, మా నాన్న మాత్రం తిడతాడు, వల్లో పడ్డ చేపని నీట్‌గా మొండెం కొరికేసి తల మాత్రం వల్లో ఉంచి పోతాయి, పొద్దున వల లాగితే తలలు వొస్తాయి. వల తెలుసు, ఎక్కడ కొరికితే తాము చిక్కుకోవో అదీ తెలుసు.

మరి వేరే చోట ఇవే డాల్ఫిన్లు జాలర్లకి చేపలు తోలిపెడతాయంట. బ్రెజిల్లో లగూనా అని ఊరు, అక్కడ నూరేళ్ళు దాటి నడుస్తుంది ఇది. మోకాళ్ళ లోతులో జాలర్లు విసురు వలలట్టుకుని వరసగా నిలబడతారు, డాల్ఫిన్లు ముల్లెట్ చేపల గుంపుని ఒడ్డు వైపు తోలుకొస్తాయి, దగ్గరికొచ్చాక ఒకటి వీపు వంచి గబుక్కున మునుగుద్ది, అదే సైగ, అప్పుడు వల విసరాలి. ముందు విసిరినా వెనక విసిరినా ఉత్త వలే. వల పడ్డాక చెదిరిన చేపలు డాల్ఫిన్లకి. 2023లో దీని మీద పెద్ద స్టడీ వచ్చింది, డాల్ఫిన్లతో కలిసి పట్టినోళ్ళకి దగ్గర దగ్గర నాలుగు రెట్లు చేప పడుతుందంట. మయన్మార్‌లో ఐరావతి నది మీద కూడా ఇలాంటిదే, అక్కడ జాలర్లు కర్రతో పడవ అంచు మీద టకటక కొట్టి పిలుస్తారు. అదే జాతి డాల్ఫిన్లు మన పక్కన చిలికలో కూడా ఉన్నాయి మరి.

నాకు దీంట్లో నచ్చిందేంటంటే ఎవడూ ట్రైనింగ్ ఇవ్వలేదు, చేప వెయ్యలేదు. లగూనాలో అన్ని డాల్ఫిన్లూ చెయ్యవు ఈ పని, తల్లి చేస్తే పిల్ల పక్కనుండి నేర్చుకుంటది, మా ఇళ్ళల్లో వల అల్లడం నేర్చుకున్నట్టే.

కహల్‌గావ్_కబుర్లు:

సముద్రం సంగతి అయ్యింది కాబట్టి నది సంగతి నేను చెప్తాను. ఉద్యోగం వల్ల బీహార్‌లో గంగ ఒడ్డున ఉంటాను, కహల్‌గావ్. సుల్తాన్‌గంజ్ నుంచి ఇక్కడి దాకా 60 కిలోమీటర్ల గంగని 1991లోనే విక్రమశిల డాల్ఫిన్ శాంక్చురీ చేశారు. ఊరి ముందు గంగ మధ్యలో మూడు రాతి దిబ్బలు ఉంటాయి, వాటి చుట్టూ నీళ్ళు సుడి తిరిగే చోట సాయంత్రం పూట కూర్చుంటే తప్పకుండా కనిపిస్తాయి. కనిపించడం అంటే ఏంలేదు, బుస్సుమని ఊపిరి శబ్దం, పొడుగాటి సన్న ముక్కు, వీపు, అయిపోయింది. ఫోన్ తీసేలోపు నీళ్ళే మిగుల్తాయి. సముద్రం డాల్ఫిన్లలా గుంపులు కట్టి గెంతులేసే రకం కాదు, ఎక్కువ ఒంటరివే. ఇక్కడి వాళ్ళు సోంస్ అంటారు.

వీటికి కళ్ళు ఉన్నాయి గానీ కంట్లో లెన్స్ లేదు, వెలుగు ఎటుంది అన్నది తెలుస్తుంది అంతే. గంగ వానాకాలంలో ఎలా ఉంటుందో తెలుసుగా, చెయ్యి పెడితే వేళ్ళు కనపడవు, కళ్ళుండి ఏం చేసుకుంటాయి. అంతా శబ్దమే. క్లిక్ క్లిక్‌మని రాత్రీ పగలూ వదుల్తూనే ఉంటాయి, ఆ శబ్దం తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి చేప ఎక్కడుందో, వల ఎక్కడుందో తెలుసుకుంటాయి. ఒక పక్కకి ఒరిగి ఈదుతాయి, ఒక రెక్క అడుగున రాసుకుంటూ. హైడ్రోఫోన్ గారు చెప్పిన తెలివి పరీక్షలు వీటి మీద ఎవరూ పెట్టలేదు, అద్దంలో తనని తాను గుర్తుపడుతుందా అని చూద్దామన్నా ఏం కనపడుతుంది చెప్పండి, కానీ ఆ బురద నీళ్ళలో కళ్ళు లేకుండా బతికెయ్యడం ఏం తక్కువ తెలివి కాదనుకుంటాను నేను.

ఇప్పుడు కష్టం ఏంటంటే గంగలో పెద్ద పడవలు, బార్జీలు పెరిగాయి. 2019లో ఇక్కడే చేసిన స్టడీ ఒకటుంది, మోటారు పడవల మోత ఎక్కువై, ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఆ మోతలో వినపడడానికి ఇవి తమ శబ్దాలు మార్చుకోవాల్సి వస్తుంది, దానికి ఒంట్లో శక్తి ఖర్చు పెరుగుతుంది. ఒక పక్క 2009లో దీన్ని జాతీయ జలచరం అని ప్రకటించాం, 2025లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో నది డాల్ఫిన్లు 6,327, అందులో మూడు మాత్రం బియాస్‌లో ఉన్న సింధు డాల్ఫిన్లు, మిగతావన్నీ గంగా డాల్ఫిన్లే. మీ పాపకి చెప్పండి, ఫ్లోరిడా డాల్ఫిన్లతో పాటు ఇదొక్కటి కూడా కలపమని.

రుషికొండ_అలలు:

అబ్బా ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, థాంక్యూ సో మచ్ అందరికీ. పాపకి చదివి వినిపించాను, బెయిలీ కథ, సర్ఫ్‌బోర్డు కథ రెండూ రాసుకుంది, గంగ సంగతి కూడా చెప్తానంది. చిన్నాన్నకి చట్టం సంగతి పంపిస్తే బ్లూ టిక్ వచ్చింది, రిప్లై లేదు. ఇంకొక్క ప్రశ్న, దాని క్లాసులో ఒక అబ్బాయి డాల్ఫిన్లు ఒంటేలు రుచి చూసి ఎవరిదో చెప్తాయి అన్నాడంట, ఇది చెప్తే క్లాసంతా నవ్వుతారని తెగ సంబరపడుతుంది. ఆ అబ్బాయి కల్పించిందేనా?

డౌట్_రాజా:

హహహ పోరడు మస్తు ఉన్నడు. కల్పించిండు పక్కా.

హైడ్రోఫోన్:

కల్పించలేదండీ, నిజమే, ఇది కూడా ఆ జేసన్ బ్రక్ టీమ్ చేసిందే, 2022లో. డాల్ఫిన్లకి వాసన తెలియదు, రుచే ఉంది. బెర్ముడాలో, హవాయిలో ఉన్న డాల్ఫిన్ల దగ్గర నీళ్ళలో వేరే డాల్ఫిన్ల మూత్రం కొంచెం పోశారు, తెలిసినదానిది అయితే దాదాపు మూడు రెట్లు ఎక్కువ సేపు నోరు తెరుచుకుని అక్కడే ఉన్నాయి. తర్వాత దాంతో పాటే ఈల కూడా వినిపించారు, మూత్రమూ ఈలా ఒకరివే అయితే ఇంకా ఎక్కువసేపు ఆగాయి, వేరే వేరే వాళ్ళవి అయితే అంత ఆగలేదు. అంటే ఆ రుచికీ ఈ పేరుకీ లింకు వాటి బుర్రలో ఉంది. పాపని ధైర్యంగా చెప్పమనండి, టీచర్ అడిగితే 2022 అనీ, జేసన్ బ్రక్ అనీ చెప్పమనండి.